ఎస్తేరు రాణి గారి ఎనభై అయిదు శాతం

మా రాష్ట్ర తాటిబెల్లం మండలికి కరెంటు పొదుపు ఆలోచన వచ్చినప్పుడు అందులో ఎవరికీ దురుద్దేశం లేదు. ఈ మాట ముందే చెప్పెయ్యడం నా బాధ్యత. నేను ఆ మండలి జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటుని. పేరు అడబాల భాస్కరం. సర్క్యులర్లంటే నాకు గౌరవం. కొంతమందికి పొద్దున్నే కాఫీ పడకపోతే ఎలా ఉంటుందో, రెండు రోజులు సర్క్యులర్ రాకపోతే నాకు అలా ఉంటుంది.

మా కార్యాలయం చేసే పని పెద్దదేం కాదు. తాటిచెట్లు గీసేవాళ్ళకి ఏటా పర్మిట్లు ఇస్తాం. పర్మిట్ లేనిదే చెట్టెక్కకూడదు. తాటిచెట్టుకి మాత్రం ఈ సంగతి తెలియదు. శివరాత్రి దాటి ఎండ కాస్త చురుక్కుమనగానే గెలలు వేసేస్తుంది. అవి లేతగా ఉన్నప్పుడు గీస్తేనే రసం దిగుతుంది, ముదిరితే చుక్క రాలదు. అందుచేత ఆ రోజుల్లో మా డేటా ఎంట్రీ ఆపరేటర్ నేలపూడి ఎస్తేరు రాణికి ఊపిరి సలపదు. కాంట్రాక్టు ఉద్యోగి అయినా, పర్మిట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించేది ఆవిడ ఒక్కతే. మా జిల్లా అధికారి వక్కలంక రామశేషయ్య గారు వాటిని ఆమోదిస్తారు. ఆమోదించడమంటే ఒక మీట నొక్కడం. ఆ మీట ఎక్కడుందో నేను చూపిస్తాను.

ఆ ఏడు శివరాత్రి వెళ్ళగానే రాజధాని నుంచి వీడియో కాన్ఫరెన్స్ పెట్టారు. కమిషనర్ గారి పక్కన కొత్తగా వచ్చిన సాంకేతిక సలహాదారు కూర్చున్నాడు. కుర్రవాడు, మెడకి టై.

"ప్రతి కంప్యూటర్‌లోనూ ప్రాసెసర్ అని ఒకటుంటుంది సార్. మనిషికి బుర్ర ఎలాగో దానికి అదలాగ. అది ఎంత శక్తితో పనిచెయ్యాలో మనం శాతంలో పెట్టుకోవచ్చు. పవర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, గరిష్ఠం అన్నచోట నూరు తీసేసి ఎనభై పెడితే చాలు. వేడి తగ్గుతుంది, ఫ్యాను మోత తగ్గుతుంది, కరెంటు ఆదా. పనికేం లోటు రాదు" అన్నాడు.

అందరం చప్పట్లు కొట్టాం. వ్యవహారం అక్కడితో ముగిసిపోవలసింది. కాని కమిషనర్ గారు లోతుగా ఆలోచించే మనిషి.

"ప్రస్తుతం నా కంప్యూటర్‌లో ఎంతుంది?"

"నూరు సార్."

"సంతోషం. జిల్లాల్లో ఆపరేటర్లకి?"

"వాళ్ళకీ నూరే సార్. కంపెనీ నుంచే అలా వస్తాయి."

తెర మీద కమిషనర్ గారి మొహం కదలకుండా ఆగిపోయింది. నెట్ పోయిందనుకున్నాం. పోలేదు.

"అంటే ఇన్నాళ్ళూ నేనూ, కాంట్రాక్టు ఆపరేటరూ సమానమా?"

"ప్రాసెసర్ వరకు, సార్."

"ప్రాసెసర్ వరకే అని మీరు తేలిగ్గా అనేస్తున్నారు" అన్నారు కమిషనర్ గారు బాధగా.

నాలుగు రోజుల్లో ఉత్తర్వు వచ్చేసింది. 'ప్రాసెసర్ శక్తి వినియోగమును హోదానుసారముగా క్రమబద్ధీకరించుట' అని దాని పేరు. చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. కమిషనర్ గారికి నూరు శాతం. జిల్లా అధికారికి ఎనభై. సూపరింటెండెంటుకి, అంటే నాకు, అరవై. సీనియర్ అసిస్టెంటుకి నలభై. జూనియర్‌కి పాతిక. డేటా ఎంట్రీ ఆపరేటర్‌కి అయిదు. ఎవరు బొటనవేలి ముద్ర వేసి కంప్యూటర్ తెరిస్తే, వాళ్ళ హోదా ప్రకారం శాతం దానంతటదే మారిపోతుంది. ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా ఇంతే. మార్చుకోవాలంటే రహస్య సంకేతం కావాలి, అది రాజధానిలో ఉంటుంది.

ఉత్తర్వు చదివి వినిపించడానికి అందరినీ నా బల్ల దగ్గరికి పిలిచాను. చివర్లో మా అటెండర్ పోలయ్య ముందుకొచ్చాడు.

"నాకెంతండి?"

"నీకు కంప్యూటర్ లేదు కదా పోలయ్యా."

"కంప్యూటర్ లేకపోతే హోదా కూడా లేదాండి? పాతికేళ్ళ సర్వీసండి నాది. నిన్నగాక మొన్నొచ్చిన రాణమ్మకి అయిదిచ్చి నాకు సున్నా అంటే, ఇంటికెళ్ళి మా ఆవిడకేం చెప్పుకోనండి?"

న్యాయమైన ప్రశ్నే. రాజధానికి రాశాను. పోలయ్యకి రెండు శాతం మంజూరు చేస్తూ జవాబొచ్చింది. ఈ రెండు శాతం కాగితం మీద మాత్రమే ఉంటుందనీ, దానితో అతను ఏ యంత్రమునూ నడపరాదనీ షరతు పెట్టారు. పోలయ్య ఆ రోజంతా టీలు తేలేదు.

ఉత్తర్వు ప్రకారం రామశేషయ్య గారి కంప్యూటర్‌కి ఎనభై శాతం వచ్చింది. ఆయన భార్య అల్లిన ఊలు ముసుగు కింద, గులాబీ పువ్వుల మధ్య, ఆ ఎనభై శాతం చల్లగా విశ్రాంతి తీసుకుంటోంది. నా అరవై శాతంతో నేను సర్క్యులర్లు చదువుతున్నాను. ఇక రాణి కంప్యూటర్ సంగతి. అది అసలే పాతది, పైగా ఇప్పుడు అయిదు శాతం. ఆవిడ పొద్దున్నే వచ్చి వేలిముద్ర వేసి, టిఫిను డబ్బా విప్పి, తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి తెర తెల్లబడేది. గీత కార్మికుడి పేరు కొట్టి పక్కవాళ్ళతో ఇంట్లో సంగతులు చెప్పుకుంటుంటే, మధ్యలో ఒక్కో అక్షరం వచ్చి పడేది. మౌస్ బాణం తెరకి ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచొచ్చే తీరు చూస్తే పెద్దతనంలో మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చేది.

"సార్, నిన్నంతా కలిపి ఒక్క పర్మిటండీ. అది కూడా సగంలో ఆగిపోయింది" అని రాణి రామశేషయ్య గారి దగ్గర మొరపెట్టుకుంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా రాణీ, శాతమనేది మనిషికి కాదు, పోస్టుకి. నాకు ఎనభై ఇచ్చారంటే నేనేదో గొప్పవాణ్ణని కాదు. ఆ బరువు మొయ్యమని."

"మీది ఖాళీగానే ఉంది కదండీ సార్. మీరొకసారి వేలిముద్ర వేసి తెరిస్తే, పక్కన కూచుని నేను కొట్టేసుకుంటాను."

ఆయన మొహం ఎర్రబడింది. "ఆపరేటర్ చెప్పినప్పుడల్లా వేలిముద్ర వెయ్యడానికి నేనేమన్నా నిశానీదారునా?"

రాణి వెనక్కొచ్చి తన కుర్చీలో కూలబడింది. "ఎనబై శాతానికి గులాబీ పూలు, అయిదు శాతానికి జనం చీవాట్లు. బావుందండీ మీ లెక్క" అంది నాతో. లెక్క నాది కాదు, పైవాళ్ళదని చెప్పాను.

ఇంతలో రామశేషయ్య గారు తోడల్లుడి కూతురి పెళ్ళికి సెలవు పెట్టారు. అధికారి సెలవులో ఉన్నప్పుడు ఆయన బాధ్యత సూపరింటెండెంటు చూడాలి. ఎప్పటిలాగే ఇన్‌చార్జి నాకే ఇచ్చారు. కాని ఈసారి కొత్త చిక్కు వచ్చింది. ఇన్‌చార్జి అంటే అదనపు బాధ్యత. నా అరవై నాకుంది. దానికి జిల్లా అధికారి ఎనభై అదనంగా చేరాలి. రాజధాని వాళ్ళు నిజాయితీగా కూడి నా పేరు మీద నూట నలభై పెట్టారు.

నేను నా కంప్యూటర్‌లో వేలిముద్ర వేశాను. కంప్యూటర్ ఒక్కసారి గుర్రుమని నల్లబడిపోయింది.

ఫోన్ చేస్తే సలహాదారు లైన్లోకొచ్చాడు. "నూటికి మించి శాతం ఉండదు సార్" అన్నాడు దీనంగా. వెనకనుంచి జాయింట్ కమిషనర్ గారి గొంతు స్పష్టంగా వినబడింది. "ఉండదని ఎవరు చెప్పారు? ఉత్తర్వులో ఉంటే ఉంటుంది. ముందు దానికి మెమో ఇవ్వండి."

ఇచ్చాం. 'ప్రభుత్వ ఉత్తర్వును అమలు పరచుటలో నిర్లక్ష్యము వహించినందున నీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను' అని మెమో కొట్టి, కంప్యూటర్‌కి అంటించి, అందినట్టు పోలయ్య చేత సాక్షి సంతకం పెట్టించాను. గడువులోగా సంజాయిషీ రాలేదు కాబట్టి తప్పు ఒప్పుకున్నట్టే భావించి దాన్ని సస్పెండ్ చేసి స్టోర్ రూములో పెట్టాం. ఆ తరవాత రాజధాని నుంచి ఒక వివరణ వచ్చింది. 'ఇకమీదట అదనపు బాధ్యతను, స్వంత శాతమును, అదనపు శాతమును కూడగా నూరు మించని వారికి మాత్రమే అప్పగించవలెను.'

చాలా సమంజసంగా ఉందనుకుని ఫైలు చేశాను.

ఈ లోపు రామశేషయ్య గారు పెళ్ళి చూసుకుని తిరిగొచ్చారు, ఎండలు ముదిరాయి. ఒక సోమవారం పొద్దున్న ఆఫీసుకి వచ్చేసరికి మా ఆవరణంతా గీత కార్మికులు. ఒక్కొక్కరి భుజానా చెట్టెక్కే మోకు, నడుముకి గీత కత్తి. అందరికంటే ముందు గుత్తుల త్రిమూర్తులు. అరవయ్యేళ్ళుంటాయి, కాని ఇప్పటికీ తాటిచెట్టుని కుర్రాడిలా ఎక్కుతాడు.

"సూపర్నెంటు గారండీ, దండాలండి. మా పర్మిట్లేవైపోయాయండి?"

"ప్రక్రియలో ఉన్నాయి త్రిమూర్తులూ."

"పెక్రియంటే ఏటండి?"

"అంటే కంప్యూటర్‌లో జరుగుతోందన్నమాట."

అతను కిటికీలోంచి తొంగిచూశాడు. రాణి కంప్యూటర్ తెర మీద అతని పేరే ఉంది. 'త్రిమూ' వరకు వచ్చింది.

"ఆయ్, నా పేరు పూర్తయ్యేసరికి గెలలు ఎండిపోతాయండి బాబూ. చెట్టేమో ఇప్పుడే గియ్యమంటది. రేపు రమ్మంటే వింటదాండి? ఈ నాల్రోజులు దాటితే ఏడాదంతా మేం ఏం తినాలండి? పర్మిట్ ఇచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలం. ఈ వరండా ఫ్యాను కింద మేమూ కూచుంటాం."

అన్నట్టే అందరూ వరండాలో బైఠాయించారు. మోకులు తీసి రామశేషయ్య గారి కారుకి తగిలించారు. వాళ్ళకందులో చెడు ఉద్దేశమేం లేదు, ఎక్కడో ఒకచోట తగిలించాలి. కాని మా దొరగారు కిటికీలోంచి తన కారు నిండా తాళ్ళు, వరండా నిండా కత్తులు చూసి మంచినీళ్ళు అడిగారు. పోలయ్య తెచ్చిన రెండు గ్లాసులూ తాగి, "భాస్కరం గారూ, నాకు బీపీ పెరిగినట్టుంది" అని, వెనక గుమ్మంలోంచి ఆటోలో ఇంటికెళ్ళి, అక్కణ్ణుంచి మెడికల్ లీవు పంపించారు.

జిల్లాకి అధికారి లేకుండా పోయాడు. ఇన్‌చార్జి ఎవరికివ్వాలి? నేను వివరణ ఉత్తర్వు ముందు పెట్టుకుని కూర్చున్నాను. జిల్లా అధికారి ఎనభైకి నా అరవై కలిపితే నూట నలభై, పనికిరాను. సీనియర్ అసిస్టెంటు కలిస్తే నూట ఇరవై, పనికిరాడు. జూనియర్ అసిస్టెంటు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు పాపం. పాతిక కలిస్తే నూట అయిదు. అయిదు శాతంలో తప్పిపోయింది. ఆ కుర్రాడు ఆ రోజు భోజనం చెయ్యలేదు.

ఇక మిగిలింది ఇద్దరు. రాణి కలిస్తే ఎనభై అయిదు. పోలయ్య కలిస్తే ఎనభై రెండు.

"పర్మనెంటు ఉద్యోగిని నేనండి" అన్నాడు పోలయ్య, చొక్కా సర్దుకుంటూ.

"నీకు చదవడం రాదు కదా పోలయ్యా."

"సంతకం వచ్చండి."

జిల్లా అధికారికి అంతకంటే ఏం కావాలో చెప్పడం నాకూ కష్టమే అయింది. రాజధానికి ఫోన్ చేశాను. పోలయ్య శాతం కాగితానికే పరిమితం కనక అతను కాగితం మీద మాత్రమే జిల్లా అధికారి కాగలడనీ, అసలు జిల్లా అధికారి రాణేననీ జాయింట్ కమిషనర్ గారు తేల్చారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. కుమారి నేలపూడి ఎస్తేరు రాణి, డేటా ఎంట్రీ ఆపరేటర్, జిల్లా అధికారిగా పూర్తి అదనపు బాధ్యతలు స్వీకరించవలెను.

మర్నాడు రాణి పెద్ద గదిలోకి వచ్చి, కుర్చీ అంచు మీద బస్సు సీట్లో కూర్చున్నట్టు కూర్చుంది. ఊలు ముసుగు నేనే తీశాను. వేలిముద్ర వెయ్యగానే తెర వెలిగింది. ఆవిడ ఉలిక్కిపడింది.

"అప్పుడేనా!" అంది. ఒక పేరు కొట్టి చూసుకుంది. అక్షరాలు వేలి వెంటే వచ్చేశాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆవిడకి. తుడుచుకుని, "సార్, ఈ కుర్చీలో కూచుని టైపు కొట్టచ్చాండీ?" అనడిగింది.

"రాతపూర్వకంగా నిషేధం లేదు మేడమ్. కాని ఇంతవరకూ ఎవరూ కొట్టిన దాఖలా కూడా లేదు. అధికారి టైపు కొడుతున్నట్టు బయటికి తెలిస్తే మండలి పరువు ఏం కాను?"

"అయితే తలుపేసెయ్యండి."

తలుపు వేసి, పరదాలు లాగి, నేనూ పోలయ్యా బయట కాపలా నిలబడ్డాం. లోపల్నుంచి టకటకా ఒకటే చప్పుడు.

"ఏటండి ఆ సద్దు?" అన్నాడు త్రిమూర్తులు.

"మేడమ్ గారు సమీక్షా సమావేశంలో ఉన్నారు" అన్నాను.

"ఒక్కరేనాండి?"

"సమీక్ష గట్టిగా జరుగుతోంది."

మధ్యాహ్నానికి మొదటి కట్ట బయటికొచ్చింది. ఎక్కించింది ఆవిడే, ఆమోదించింది ఆవిడే, కనక మధ్యలో ఆగడానికి చోటు లేకపోయింది. ఈ సౌకర్యం మండలి చరిత్రలో ఎవరికీ తట్టలేదు. త్రిమూర్తులు తన పర్మిట్ అందుకుని, పేరు చివరిదాకా ఉందో లేదో కొడుకు చేత చదివించుకుని, కృతజ్ఞత చెప్పుకుందామని లోపలికెళ్ళాడు.

"రాణమ్మా, మాయమ్మే! మా పక్క పేట గెద్దాడోళ్ళవి కూడా చూడమ్మా."

రాణి వెనక్కి వాలి, రెండు చేతులూ కలిపి బల్ల మీద పెట్టుకుంది. "మీ విన్నపము మా పరిశీలనలో ఉన్నది."

"అదేటమ్మా, మొన్నటిదాకా కిటికీ కాడ నువ్వూ నేనూ జంతికలు తింటా మాటాడుకున్నాం గదా?"

"మొన్న నేను అయిదు శాతం త్రిమూర్తులు గారూ. ఇవాళ ఎనబై అయిదు" అని గంభీరంగా అనబోయి, చివర్లో ఫక్కున నవ్వేసింది. "గెద్దాడవి సాయంత్రానికి అయిపోతాయి బాబాయ్. పొద్దున్నే పంపించు."

నవ్వడం హోదాకి లోపమే. అయినా కొత్త కదాని నేను పట్టించుకోలేదు.

వారం తిరక్కుండా వరండా ఖాళీ అయింది. రామశేషయ్య గారి కారు మీద ఒక్క మోకూ లేదు. అన్నీ చెట్లెక్కాయి. ఈ వార్త వినగానే ఆయన బీపీ దిగిపోయింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుకొచ్చి, తన గదిలోకి నడిచారు.

"చాలా సంతోషమమ్మా రాణీ. ఇక లే."

రాణి వెంటనే లేచింది. అలవాటు కదా. నేనే అడ్డుపడవలసి వచ్చింది.

"మేడమ్, కూర్చోండి."

"అదేమిటి భాస్కరం గారూ?" అన్నారు రామశేషయ్య గారు.

"సార్, మీరు తిరిగి చేరినట్టు చేరిక నివేదిక కంప్యూటర్‌లోకి ఎక్కాలి. దాన్ని జిల్లా అధికారి ఆమోదించాలి. అప్పటిదాకా జిల్లా అధికారి మేడమ్ గారు. నిబంధన."

"ఆమోదించెయ్యమనండి."

"ముందు ఎక్కాలి కదా సార్. ఎక్కించవలసింది ఆపరేటర్. ఆపరేటర్ ఇప్పుడు జిల్లా అధికారిగా ఉన్నారు. తన పై అధికారి చేరికని తనే ఎక్కించి, తనే ఆమోదించడం కుదరదు. పర్మిట్లకైతే చెల్లింది గాని ఇది ఎస్టాబ్లిష్‌మెంటు విషయం."

పాపం రాణి కుర్చీకి పైన, గాలిలో ఆగిపోయింది. "లేవనాండీ, కూచోనాండీ? ఏదో ఒకటి చెప్పండి సార్, నడుం పట్టేస్తోంది."

రాజధాని నుంచి తీర్పు సాయంత్రానికి వచ్చింది. శ్రీ రామశేషయ్య గారు చేరే వరకు ఆయనకు పోస్టు లేదు. పోస్టు లేనివారికి శాతం లేదు. జిల్లాలో ఆపరేటర్ పోస్టు ఖాళీగా ఉన్నది. కావున తమ చేరిక నివేదికను తామే నమోదు చేసుకొనుటకు వీలుగా వారిని తాత్కాలికముగా ఆపరేటర్ పోస్టులో సర్దుబాటు చేయడమైనది. అయిదు శాతము.

రామశేషయ్య గారు ఆ సాయంత్రం చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన మీట నొక్కారు గాని అక్షరం కొట్టలేదు. మర్నాడు రాణి కుర్చీలో, రాణి అమర్చుకున్న దిండు మీద కూర్చుని, కీబోర్డు మీద 'వ' ఎక్కడుందో వెతకడం మొదలెట్టారు. దొరికింది. నొక్కారు. తెర ఆలోచించుకుంటోంది. ఈలోగా ఆయన 'క' వెతుక్కున్నారు. తమాషా ఏమిటంటే ఆయన వేగానికీ ఆ అయిదు శాతానికీ సరిగ్గా కుదిరింది. ఒకరి కోసం ఒకరు ఆగవలసిన అవసరం లేకపోయింది.

'వక్క' వరకు కొట్టారు. అప్పుడు కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది.

బెల్లం వండే బట్టీలకి వేరే పర్మిట్ ఉంటుంది. ఆవిడ పేరు మంగతాయారు. భర్త చెట్టు మీంచి దించిన రసం కుండలు ఇంట్లో నిలవున్నాయి. వాటిని ఆ పూటకా పూట కాచకపోతే పులిసిపోతాయి. "కొత్త గుమస్తావా బాబూ? కాస్త నాదీ చూసి పెట్టు నాయనా. రెండు కుండలు నిన్ననే పారబోసుకున్నాను" అంది.

ఆయనకి కోపం రావాలి. నేను నా బల్ల దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను. ఆయన ఆవిడ మొహం చూశారు, చేతిలో సంచీ చూశారు, వెనక్కి తిరిగి నన్ను చూశారు. తరవాత తన పేరు పక్కన పెట్టేసి, ఆవిడ పేరు కొట్టడం మొదలుపెట్టారు. ఒక్కో అక్షరానికీ ఆవిడ కిటికీ ఊచల్లోంచి, "ఆఁ, అదే, తరవాత 'గ' బాబూ" అంటూ సాయం చేసింది. పొద్దు వాలే వేళకి పర్మిట్ పూర్తయింది. రాణి లోపల్నుంచి ఆమోదం నొక్కింది. కాగితం ప్రింటర్లోంచి వెచ్చగా వచ్చింది. రామశేషయ్య గారు దాన్ని రెండు చేతులతో పట్టుకెళ్ళి ఆవిడకిచ్చారు.

"నీ సెయ్యి సల్లగుండ" అంది మంగతాయారు.

ఆయన తన చెయ్యి తిప్పి చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా ఎన్నో వందల పర్మిట్లు ఆమోదించారు. ఒక్కటి కూడా మనిషి చేతిలో పెట్టి ఎరగరు.

మర్నాడు నాకంటే ముందొచ్చారు. ఇంకో బట్టీ పర్మిట్. ఆ మర్నాడు ఇంకోటి. కిటికీ దగ్గర ఆడవాళ్ళు 'కొత్త గుమస్తా మంచోడు, కాస్త నెమ్మది' అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. చేరిక నివేదిక సంగతి గుర్తుచేస్తే, "ఉండండి భాస్కరం గారూ, ఈవిడ రసం పులిసిపోతుంది" అనేవారు. రాణి ఒకసారి బయటికొచ్చి ఆయన వెనక నిలబడి, "సార్, చూపుడువేలితోనే కాదండీ, మిగతా వేళ్ళు కూడా వాడుకోవచ్చు" అని చూపించింది. ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు.

నాకు మాత్రం మనసులో ఏదో తేడాగా ఉంది. సరిగ్గా అప్పుడే రాజధాని నుంచి జాయింట్ కమిషనర్ గారి ఫోన్ వచ్చింది. ఆయన చేతికే ఇచ్చాను.

"ఏం రామశేషయ్య గారూ, ఇంకా చేరలేదేం? ఏం చేస్తున్నారు?"

"పని చేస్తున్నాను సార్."

ఆయన ఫోను ఇంకో చెవికి మార్చుకున్నట్టున్నారు.

"ఏమన్నారు?"

"పని సార్. పర్మిట్లు కొడుతున్నాను. నా చేత్తోనే."

"మీకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరెవరు?" అన్నారు జాయింట్ కమిషనర్ గారు. తరవాత నన్ను ఫోన్ తీసుకోమని, గొంతు తగ్గించి, "ఆయన్ని జాగ్రత్తగా వేరే మంచి డాక్టర్‌కి చూపించండి. ఒంటరిగా పంపకండి. నెమ్మదిగా మాట్లాడండి" అన్నారు.

ఆ సాయంత్రమే తీసుకెళ్ళాను. ఊళ్ళో పేరున్న డాక్టరు, ప్రభుత్వోద్యోగుల జబ్బుల్లో బాగా అనుభవమున్నాయన. నాడి చూశాడు, నాలిక చూశాడు, కళ్ళలోకి లైటు వేసి చూశాడు.

"ఏమిటి బాధ?"

"బాధేం లేదండీ. పొద్దున్న లేవగానే పని చెయ్యాలనిపిస్తోంది" అన్నారు రామశేషయ్య గారు.

డాక్టరు చేతిలో లైటు ఆగిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"పది రోజులై ఉంటుందండీ."

"ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?"

"లేదండీ. మా నాన్నగారు కూడా రెవిన్యూలోనే చేశారు."

డాక్టరు తలూపి, ముదరకముందే వచ్చారని మెచ్చుకుని, రెండు పూటలా వేసుకొమ్మని మాత్రలు రాశాడు. కంప్యూటర్ తెర వైపు చూడొద్దన్నాడు. జనంతో మాట్లాడటం బాగా తగ్గించమన్నాడు.

మందు గొప్పగా పనిచేసింది. మొదటి వారంలోనే ఆయన ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. రెండో వారంలో కిటికీ తలుపు వేసేశారు. సీజను చివరికొచ్చేసరికి ఎవరన్నా పిలిస్తే పలకడం మానేశారు. పూర్తిగా కోలుకున్నారని డాక్టరు రాసిచ్చాడు, రాజధాని వాళ్ళు అభినందన పంపారు.

ఇక ఆయన తన కుర్చీలోకి వెళ్ళడానికి చేరిక నివేదిక ఒక్కటే కావాలి. ఆపరేటర్ దాన్ని పూర్తి చెయ్యాలి. ఆపరేటర్ ఆయనే. ఇప్పుడాయన ఆరోగ్యవంతుడు కనక కీబోర్డు ముట్టుకోరు. అడిగితే, "అది నా స్థాయి పని కాదు భాస్కరం గారూ" అంటారు.

అందుచేత మా జిల్లా అధికారిగా ఎస్తేరు రాణి గారే కొనసాగుతున్నారు. పరదాలు లాగే ఉంటాయి, లోపల్నుంచి టకటకా చప్పుడు వస్తూనే ఉంటుంది. పర్మిట్లు ఏ రోజువి ఆ రోజే అయిపోతున్నాయి. రామశేషయ్య గారు దిండుకి చేరబడి కునుకు తీస్తుంటారు. ఆయన ఎదురుగా ఆ అయిదు శాతం తెర మీద 'వక్క' అని ఉంటుంది. మిగతా పేరు కోసం మేమందరం ఎదురుచూస్తున్నాం. తొందర మాత్రం ఎవరికీ లేదు.